రజాకార్ల సినిమాలు వదిలేస్తున్న తెల్లవారుజాము

రజాకార్ల మీద సినిమా అనగానే హైదరాబాద్‌లో మళ్లీ అదే గొడవ. దాచిపెట్టిన చరిత్రను బయటపెట్టారని ఒక వర్గం, ఒక మతాన్నంతా దోషిగా నిలబెట్టారని ఇంకో వర్గం. నిజాం స్వతంత్రంగా ఉంటాననడం, 1948 సెప్టెంబర్ 17న లొంగిపోవడం అందరికీ తెలిసినవే. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన తేదీ వేరే ఉంది: 1947 అక్టోబర్ 27.

భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందానికి, అంటే అప్పటిదాకా ఉన్న సంబంధాలనే ప్రస్తుతానికి కొనసాగించే ఒప్పందానికి, నిజాం కార్యనిర్వాహక మండలి అప్పటికే 6-3 ఓట్లతో ఒప్పుకుంది. నిజామూ సరేనన్నాడు. ప్రధానమంత్రి ఛతారీ నవాబు, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ ఆ ఉదయం ఢిల్లీకి బయల్దేరాలి. తెల్లవారుజామున మూడు గంటలకే రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ మనుషులు వేలాది మంది వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. గడప దాటే వీల్లేదు. చివరికి సైన్యం సాయంతో బయటపడ్డారు.

ఆ తర్వాత ఖాసిం రజ్వీ నిజాం దగ్గర చేసిన వాదన చూడండి. భారత్‌కు కశ్మీర్‌తోనే చేతినిండా పని ఉంది, గట్టిగా నిలబడితే ఇంకా మంచి షరతులు వస్తాయని. సరిగ్గా ఆ రోజే భారత సైన్యం శ్రీనగర్‌లో దిగింది. నిజాం మెత్తబడ్డాడు. ఛతారీ రాజీనామా చేశాడు. కొత్త బృందం ఢిల్లీ చుట్టూ తిరిగి తిరిగి, నవంబర్ 29న కుదిరిన ఒప్పందంలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. హైదరాబాద్‌లో మాత్రం పగ్గాలు రజ్వీ వర్గం చేతికి వెళ్లాయి, లాయక్ అలీ ప్రధాని అయ్యాడు.

నా దృష్టిలో అసలు కుట్ర ఇదే. రజ్వీ మనుషులు ముందుగా దింపేసింది ఒక ముస్లిం ప్రధానిని. 1948 ఆగస్టులో భైరాన్‌పల్లి గ్రామంలో రజాకార్లు ఊచకోత జరిపారు. అదే నెలలో, భారత్‌లో విలీనం కావాలని రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను రాత్రిపూట ఇంటికి వెళ్తుంటే నరికి చంపారు. రాసే చేతిని కూడా నరికారు. భైరాన్‌పల్లిని తెర మీద చూపించాల్సిందే, అక్కడి కుటుంబాలకు అది మనం పడ్డ బాకీ. షోయబుల్లాను పక్కన పెట్టి భైరాన్‌పల్లిని మాత్రమే చూపిస్తేనే కథ రెండు మతాల యుద్ధంగా మారిపోతుంది.

సెప్టెంబర్ 17 తర్వాతి సంగతీ అంతే. కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, పోలీస్ చర్య (హైదరాబాద్‌పై భారత సైనిక చర్య) సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

ఇది డాక్యుమెంటరీ కాదు, రెండున్నర గంటల్లో అన్నీ పట్టవు అన్నది సినిమా వాళ్ల మాట. నిజమే, పట్టవు. కానీ రజ్వీని, నిజాంను, పటేల్‌ను అసలు పేర్లతోనే నడిపిస్తూ, మొదట్లో ‘పాత్రలు కల్పితం’ అని కార్డు వేస్తే సరిపోదు. ఛతారీ ఇంటి ముందు జరిగింది చూపించడానికి ఒక్క సీను చాలు.