పాషాణానికి పట్టకారు

చీమల మందు డబ్బాని కుక్క నాకేసింది, పాలు పట్టమంటారా, గుడ్డు తెల్లసొన పట్టమంటారా? ఏమీ పట్టకండి. ముందు డబ్బా మీద ఏం రాసుందో చదవండి. చీమల మందులన్నిట్లోనూ ఆర్సెనిక్, అంటే పాషాణం, ఉండదు. ఉంటే మాత్రం డబ్బాతో సహా పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఉప్పునీళ్లతో కక్కించే పాత అలవాటు మరీ ప్రమాదం, ఆ ఉప్పే ఇంకో విషమవుతుంది.

విషం తిని ఎక్కువసేపు కాకుండా, లక్షణాలేవీ కనిపించకుండా ఉంటేనే డాక్టరు కక్కిస్తారు. నెత్తురు విరేచనాలు మొదలయ్యాయంటే పేగు లోపలి పొర అప్పటికే ఊడిపోతోందన్నమాట. చాలా విషాలకు పనికొచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ (విషాన్ని పట్టుకునే మందుబొగ్గు) ఆర్సెనిక్‌ని సరిగా పట్టుకోదు.

మరి పట్టుకునేదేది? ఎంత ముచ్చటైన రసాయనమో చూడండి. తిండిని శక్తిగా మార్చే పైరువేట్ డీహైడ్రోజినేజ్ ఎంజైములో లైపోయిక్ ఆమ్లం ఉంటుంది. దానికి దగ్గరదగ్గరగా రెండు గంధకపు కొసలు. ఆర్సెనిక్ ఆ రెంటినీ కలిపి ఉడుంపట్టు పడుతుంది, కణానికి శక్తి ఆగిపోతుంది. దాన్ని ఊడబెరకడానికి ఒక్క గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లం చాలదు. ఒంటి కాడతో వేడి గిన్నె ఎత్తలేం కదా, పట్టకారు కావాలి. రెండో ప్రపంచయుద్ధంలో లూయిసైట్ అనే ఆర్సెనిక్ విషానికి విరుగుడు వెతుకుతూ ఆక్స్‌ఫర్డ్‌లో రుడాల్ఫ్ పీటర్స్ బృందం తయారుచేసిన డైమెర్కాప్రాల్ అచ్చంగా పట్టకారే. దాని రెండు గంధకాలూ పక్కపక్క కార్బన్ల మీద ఉంటాయి. ఎంజైముతో ఆర్సెనిక్ కట్టేది ఆరు పరమాణువుల వలయం, డైమెర్కాప్రాల్‌తో కట్టేది ఐదు పరమాణువుల వలయం. ఈ రెండోదే గట్టిది, అందుకే ఆర్సెనిక్ ఇటు వచ్చేస్తుంది.

ఈ పట్టు ఆమ్ల మూత్రంలో సడలుతుంది, వదిలిన ఆర్సెనిక్ కిడ్నీని కాల్చేస్తుంది. కాబట్టి మూత్రాన్ని క్షారంగా ఉంచుతారు. మందు వేరుశనగ నూనెలో ఉంటుంది గనక నరానికి ఎక్కించకూడదు, కండలో లోతుగానే పొడవాలి. బాగా నొప్పి పెడుతుంది. మోతాదు కిలో బరువుకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములు. మొదటి 2 రోజులు 4 గంటలకోసారి, తర్వాత ఎడం పెంచుతూ పోతారు. 10 కిలోల కుక్కకు ఒక విడతకు 25 నుంచి 50 మిల్లీగ్రాములన్నమాట.

సెలైన్ తప్పనిసరి, కానీ ఆర్సెనిక్ దెబ్బకు సన్న రక్తనాళాలు కారుతున్నప్పుడు జోరుగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వాంతులు తగ్గాక నోటితో ఇచ్చే సక్సిమర్ మరింత సుఖమైన పట్టకారు. నీళ్లలో కరుగుతుంది, కిడ్నీకి దెబ్బ తక్కువ. కిలోకి 10 మిల్లీగ్రాములు, రోజుకు 3 సార్లు, 10 రోజులు.

కక్కినదాన్ని చేతికి తొడుగు వేసుకుని సీసాలోకి ఎత్తి డాక్టరుకివ్వండి. నేల మీద మిగిలినదాన్ని కడిగేదాకా ఇంట్లో పిల్లిని అటు పోనివ్వకండి, నాకుతుంది.