వేగం భాషలోనే ఉందా? సంఖ్యా గణనపై అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లా భూగర్భ జలాల లెక్కలను కంప్యూటర్‌లో వేయడం నా పని. నేలను గడులుగా విడదీసి, ఒక్కో గడిలో నీటిమట్టాన్ని లక్షల సార్లు లెక్కించాలి. ఈ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదట అడిగేది ఒకటే: "సార్, ప్రోగ్రాం రాయడానికి ఏ భాష వేగం?"

అపోహ: పైథాన్ నెమ్మది, సీ వేగం.

పైథాన్‌లో లూపు (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే ఆదేశం) రాసి ఒక్కో సంఖ్యనూ కూడితే నెమ్మదే. కానీ నంపై అనే పైథాన్ లైబ్రరీతో (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల కట్టతో) రెండు మాత్రికలను గుణించమంటే, ఆ పని చేసేది ఓపెన్‌బ్లాస్ వంటి లైబ్రరీ. దాన్ని ప్రాసెసర్‌కు తగ్గట్టుగా సీలోనూ, ప్రాసెసర్ ఆదేశాలకు దగ్గరగా ఉండే అసెంబ్లీ భాషలోనూ మలిచారు. మనం సీలో రాసే మామూలు మూడు లూపులు దాని దరిదాపుల్లోకి కూడా రావు.

అపోహ: 1957 నాటి ఫోర్ట్రాన్ భాషకు కాలం చెల్లింది.

వాతావరణ అంచనాల ప్రోగ్రాములు ఎన్నో ఇప్పటికీ అందులోనే నడుస్తున్నాయి.

అపోహ: లెక్క ఆలస్యమైతే ఖరీదైన ప్రాసెసర్ కొనాలి.

నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇదే. బత్తాయి తోటలో కోసేవాళ్లు ఎంత చురుకైనవాళ్లైనా, కాయకొకసారి బండి దాకా వెళ్లి రావాలంటే పొద్దుగూకుతుంది. ప్రాసెసర్ పరిస్థితీ అంతే. మెమొరీ నుంచి సంఖ్యలు ఒక్కొక్కటిగా రావు. సాధారణంగా 64 బైట్ల మూటగా, అంటే 8 డబుల్ సంఖ్యలు (ఎక్కువ కచ్చితత్వం కోసం ఒక్కోటి 8 బైట్లలో దాచేవి) కలిసి వస్తాయి. సీలో అడ్డువరుస సంఖ్యలు పక్కపక్కన ఉంటాయి, ఫోర్ట్రాన్‌లో నిలువువరుసవి. 4000 × 4000 మాత్రిక 12.8 కోట్ల బైట్లు. మామూలు ల్యాప్‌టాప్ క్యాష్‌లో, అంటే ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న వేగమైన మెమొరీలో, పట్టదు. సీలో దాన్ని నిలువుగా చదివితే మూటలో ఒక్క సంఖ్య వాడుకుని, మిగతా ఏడింటినీ చాలాసార్లు వృథాగా మోయించినట్లే. కొత్త కంప్యూటర్ కోసం ఇంట్లో అప్పు చేయించబోయిన ఒక విద్యార్థి ప్రోగ్రాంలో, మూటలోని సంఖ్యలన్నీ వాడుకునేలా రెండు లూపుల క్రమం మార్చాం. ఆ అప్పు అవసరం రాలేదు.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఏ లెక్కైనా ఇట్టే తేలిపోతుంది.

ఆటల కోసం అమ్మే ఆర్‌టీఎక్స్ 3060 వంటి కార్డులో డబుల్ సంఖ్యల లెక్కల వేగం, అందులో సగం చోటే తీసుకునే సింగిల్ సంఖ్యల లెక్కల వేగంలో 64వ వంతే. పోనీ సింగిల్‌లోనే చేద్దామా? అందులో నిలిచేవి సుమారు 7 అంకెలు. నీటిమట్టం 250 మీటర్లు ఉన్నచోట మీటరులో పది లక్షలవ వంతు కూడితే విలువ మారదు. అలాంటి కూడికలు వరుసగా పది లక్షలు చేస్తే మట్టం ఒక మీటరు పెరగాలి. కంప్యూటర్ మాత్రం 250 దగ్గరే ఆగి ఉంటుంది.