గోదావరి: సంకల్పం చెప్పించే పురోహితుడు తరచూ వినే అపోహలు - వాస్తవాలు

హైదరాబాదులో ఏ ఇంట గృహప్రవేశం చేయించినా సంకల్పంలో "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్య ప్రదేశే" అని చెప్పిస్తాము. యజమాని దానిని మంత్రమనుకుని భక్తిగా పలుకుతాడు గాని, నిజానికి అది చిరునామా: శ్రీశైలానికి వాయవ్యాన, రెండు నదుల నడుమ ఉన్న ఊరు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నందున ఆ రెండవ నది గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. పౌరోహిత్యంలో నాకు పదే పదే ఎదురయ్యే మాటలను ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: గోదావరి నీరంతా త్ర్యంబకంలో పుట్టినదే, అది భూగర్భం గుండా వచ్చిన గంగ.

వాస్తవం: పైరు మేస్తున్న గోవును గౌతముడు దర్భతో అదిలించగా అది పడిపోయిందనీ, ఆ దోషం పోగొట్టుకోవడానికి ఆయన తపస్సు చేసి శివుని జటాజూటంలోని గంగను బ్రహ్మగిరికి రప్పించాడనీ పురాణకథ. గౌతమి అన్న పేరు అందువల్లనే వచ్చింది. ఈ కథ నదికి పవిత్రత ఎలా కలిగిందో చెబుతుంది. నీటి లెక్క చెప్పదు. భూగోళం ప్రకారం గోదావరి నాసిక్ జిల్లాలోని బ్రహ్మగిరి వద్ద, సహ్యాద్రి నల్లరాతి కొండలపై కురిసే వానతో మొదలై, అరేబియా సముద్రం దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా అటు పోకుండా, తూర్పుగా 1,465 కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. హిమాలయ మంచు దీనికి లేదు. అందుకే వేసవిలో బాసర వద్ద ఇసుక తేలుతుంది. శ్రావణంలో భద్రాచలం వద్ద కనిపించే వరదలో అధికభాగం త్ర్యంబకం నుంచి వచ్చినది కాదు, కాళేశ్వరం వద్ద కలిసే ప్రాణహితది, దాని దిగువన కలిసే ఇంద్రావతిది. ప్రాణహితకు ఆ నీరు విదర్భ నుంచి, మధ్యప్రదేశ్ అడవుల నుంచి వస్తుంది. రాజమహేంద్రవరం రేవులో దోసిలి పట్టినవారి చేతిలో ఉండేది ఇన్ని ప్రాంతాల వాన. ఇది తెలిసినందువల్ల తీర్థానికి మహిమ తగ్గుతుందని నేను అనుకోను.

గోవు పడిన చోటు తమదేనని కొవ్వూరువారు కూడా చెబుతారు. అక్కడి గోష్పాద క్షేత్రానికి ఆ పేరు ఈ కథ వల్లనే వచ్చింది. ఒకే కథ నది మొదటా చివరా నిలిచినందుకు తగవు పడవలసిన పని లేదు.

అపోహ: పుష్కరం సరిగ్గా 12 సంవత్సరాలకే వస్తుంది, 144 సంవత్సరాలకు మహాపుష్కరం వస్తుంది.

వాస్తవం: పుష్కరానికి ఆధారం గురుగ్రహం. గురువు సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, కన్యలో కృష్ణకు, మకరంలో తుంగభద్రకు, మీనంలో ప్రాణహితకు పుష్కరం. గురువు రాశిచక్రాన్ని చుట్టి రావడానికి పట్టేది పూర్తి 12 సంవత్సరాలు కాదు, సుమారు 11 సంవత్సరాల 10 నెలలు. గోదావరి పుష్కరాలు 2003లో జూలై 30న మొదలైతే 2015లో జూలై 14నే మొదలయ్యాయి. ఈ తేడా పేరుకుని ఎప్పుడో ఒకసారి 11 ఏళ్లకే పుష్కరం వస్తుంది. గురువు కుంభరాశిని బట్టి జరిగే హరిద్వార్ కుంభమేళా 2010 తరువాత 2021లోనే రావడానికి కారణం ఇదే. ఇక 2015లో విస్తృతంగా ప్రచారమైన 144 అంకె పన్నెండును పన్నెండుతో హెచ్చవేయగా వచ్చినది. నిజంగా గురువు పన్నెండు చుట్లు తిరిగేసరికి 142 సంవత్సరాలే గడుస్తాయి. మనం పుష్కరమనేదాన్నే నాసిక్, త్ర్యంబకం వారు సింహస్థ కుంభమేళా అంటారు. రెంటికీ గురువు సింహంలో ఉండటమే ప్రమాణం.

ఏడుపాయలు గోదావరివేనని కొందరు అంటారు. మెదక్ దగ్గరి ఏడుపాయల క్షేత్రం మంజీరపై ఉంది. సప్తర్షుల పేర్లతో చెప్పే గోదావరి పాయలు ధవళేశ్వరం దిగువన, సముద్రతీరంలో ఉన్నాయి. మంజీర కందకుర్తి వద్ద గోదావరిలోనే కలుస్తుంది గనుక పొరపాటు సహజమే.

అపోహ: పుష్కరం మొదటి పన్నెండు రోజుల్లో రాజమహేంద్రవరం వెళ్లి మునగకపోతే ఫలం లేదు.

వాస్తవం: తెలంగాణలోనే కందకుర్తి, బాసర, ధర్మపురి, మంథని, కాళేశ్వరం, భద్రాచలం ఉన్నాయి. మొదటి పన్నెండు రోజులు ఆదిపుష్కరం, గురువు రాశి వదిలే ముందు పన్నెండు రోజులు అంత్యపుష్కరం. వృద్ధులను రద్దీలోకి తీసుకువెళ్లవద్దని నేను గట్టిగానే చెబుతాను. కదలలేనివారు ఇంట్లో "గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి" అని నదులను ఆవాహన చేసి స్నానం చేయవచ్చు. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు, నాగార్జునసాగర్ నుంచి కృష్ణ నీరు హైదరాబాదుకు వస్తున్నాయి గనుక ఇక్కడి చాలా ఇళ్లలో ఆ పిలుపు అక్షరాలా నిజం. తీరానికే వెళ్లేవారు మాత్రం సంకల్పం మార్చుకోవాలి: బాసరలో గోదావరి ఉత్తర తీరమని, మంథనిలో దక్షిణ తీరమని చెప్పాలి.