అండం చుట్టూ ఉన్న నీరు: లిల్లీ నుంచి ఆమ్లీకరణ దాకా

ఒళ్లంతా ముళ్లతో గుండ్రంగా ఉండే సీ అర్చిన్ వంటి సముద్రపు అకశేరుకాలు అండాలనూ శుక్రకణాలనూ నేరుగా నీటిలోకి వదిలేస్తాయి కనుక, వాటి ఫలదీకరణ కథ అండపు పొర తాకకముందే, దాని చుట్టూ ఉన్న కాస్తంత నీటిలోనే మొదలవుతుంది. సముద్రాల ఆమ్లీకరణతో, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి నీటిలో ఆమ్లగుణం పెరగడంతో, ఆ నీటి రసాయన స్వభావం మళ్లీ చర్చకు వచ్చింది గానీ, ప్రశ్న వయసు వందేళ్లు దాటింది.

1912 ప్రాంతంలో అమెరికాలోని వుడ్స్ హోల్ ప్రయోగశాలలో జీవశాస్త్రవేత్త ఫ్రాంక్ లిల్లీ, సీ అర్చిన్ అండాలు కొంతసేపు ఉన్న సముద్రజలాన్ని వేరుచేసి, దానిని పాలలా తెల్లగా ఉన్న శుక్రద్రవంలో కలిపి చూశారు. అప్పటిదాకా సమంగా పరచుకుని ఈదుతున్న కణాలు కంటికి ఆనేటంత గుత్తులుగా చేరి, కొద్ది నిమిషాలకు వాటంతటవే విడిపోయాయి. దీనికి కారణమైన పదార్థానికి ఆయన ఫెర్టిలైజిన్ అని పేరు పెట్టారు. అది లేనిదే ఫలదీకరణ జరగదని కూడా అన్నారు. చిక్కంతా ఈ రెండో మాటతోనే వచ్చింది. అండాన్ని కప్పి ఉండే జిగురు పొరను ఆమ్లంతో తొలగించినా ఆ అండాలు ఫలదీకరణ చెందుతున్నాయని మరో జీవశాస్త్రవేత్త జాక్ లోబ్ అభ్యంతరం చెప్పారు. తరువాత ఆల్బర్ట్ టైలర్, ఫెర్టిలైజిన్ అనేది వేరే స్రావమేమీ కాదని, అండాన్ని కప్పిన జిగురే మెల్లగా కరిగి నీటిలో చేరుతున్నదని తేల్చారు. సిద్ధాంతం వీగిపోయినా లిల్లీ కంటితో చూసినది మాత్రం నిలిచింది, అదే ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ జిగురులో ఉన్నది ఒకే పదార్థం కాదని తరువాతి పరిశోధన చూపింది. 1952లో జపాన్‌లో జీన్ క్లార్క్ డాన్ వర్ణించిన అక్రోసోమ్ చర్యను (శుక్రకణపు కొనలోని సంచి తెరుచుకుని అండంలోకి దారి చేసే చర్యను) ప్రేరేపించేది అందులోని సల్ఫేట్ కలిసిన ఫ్యూకోజ్ అనే చక్కెర గొలుసు. 1981లో వేరుచేసిన స్పెరాక్ట్ అనే పెప్టైడ్, పది అమైనో ఆమ్లాల చిన్న ముక్క, శుక్రకణం లోపలి పీహెచ్‌ను (ఆమ్ల-క్షార గుణపు కొలత; అది తగ్గితే ఆమ్లగుణం పెరిగినట్లు) పెంచి దాని శ్వాసనూ ఈతనూ చురుకుపరుస్తుంది. 14 అమైనో ఆమ్లాల మరో పెప్టైడ్ రెసాక్ట్ శుక్రకణాలను తనవైపు లాగుతుందని 1985లో వెల్లడైంది. అన్ని జీవులకూ పెప్టైడే అక్కరలేదు: ఎర్ర అబలోన్ నత్త అండాలు ట్రిప్టోఫాన్ అనే మామూలు అమైనో ఆమ్లంతోనే ఆ పని కానిస్తాయి.

నేటి ఆందోళన ఇక్కడే పుట్టింది. ప్రయోగశాలలో జిగురును ఊడదీయడానికి పీహెచ్‌ను దాదాపు 5 దాకా దించుతారు. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 దగ్గర ఉన్న సముద్రపు ఉపరితల సగటు ఇప్పుడు 8.1 దగ్గరే ఉంది కనుక, ఆ పొర రాత్రికి రాత్రి మాయమవుతుందని ఎవరూ అనడం లేదు. అయితే రాబోయే దశాబ్దాలకు అంచనా వేసిన పీహెచ్ వద్దనే కొన్ని సీ అర్చిన్ జాతుల అండాల జిగురు పొర కుంచించుకుపోయినట్లు ప్రయోగాల్లో కనిపించింది. పొర తగ్గితే శుక్రకణాలకు దొరికే లక్ష్యమూ ఆ మేరకు చిన్నదవుతుంది.