లేచీ లేవని సీటు

ఆట వదిలాక ఖాళీ థియేటర్‌లో వరుసల వెంట ఒకసారి చూడండి. సీట్లన్నీ పైకి మడుచుకుని నిలబడి ఉంటాయి. ఎక్కడో ఒకటి మాత్రం లేచీ లేవనట్టు సగంలో ఆగిపోయి ఉంటుంది. స్ప్రింగు పోయిందని ఎవరైనా అంటారు. నిజంగా పోతే కిందే పడి ఉండాలి కదా! పైకి వెళ్లేకొద్దీ సీటును లేపడం తేలికవుతుంది కూడా. మొదట్లో లేపగలిగిన బలం మధ్యలో ఎందుకు చాలకపోయింది?

చిన్న లెక్క వేద్దాం. సీటు బరువు 4 కిలోలు, దాని గరిమనాభి, అంటే బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కించే బిందువు, కీలుకు 20 సెంటీమీటర్ల ముందు ఉందనుకోండి. సీటు అడ్డంగా పరుచుకుని ఉన్నప్పుడు భూమ్యాకర్షణ దాన్ని కిందికి తిప్పే బలం, అంటే టార్క్, దాదాపు 7.8 న్యూటన్ మీటర్లు. సీటు లేచేకొద్దీ ఇది తగ్గుతుంది గానీ, ఒకే తీరున తగ్గదు. కోణపు కొసైన్‌ను బట్టి తగ్గుతుంది. అందుకే మొదటి 40 డిగ్రీల్లో 7.8 నుంచి 6కు మాత్రమే దిగుతుంది. తర్వాతి 40 డిగ్రీల్లో 6 నుంచి 1.4కు జారిపోతుంది. గ్రాఫు గీస్తే పైకి ఉబ్బిన వంపు వస్తుంది.

స్ప్రింగు గ్రాఫు మాత్రం సరళరేఖ. ఎంత సాగదీస్తే అంత బలంతో లాగుతుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు కలగలిపిన పొడుపుకథగా ప్రకటించి, 1678లో విప్పి చెప్పాడు. మెలితిప్పే స్ప్రింగుకూ అదే వర్తిస్తుంది. మన సీటుకు, కింద ఉన్నప్పుడు 11, 80 డిగ్రీలకు పూర్తిగా లేచాక 3 న్యూటన్ మీటర్లు ఇచ్చే స్ప్రింగు బిగించామనుకుందాం. లేచాక కూడా 3 మిగిలిందంటే, బిగించేటప్పుడే దాన్ని కొంత తిప్పి పెట్టారన్నమాట.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. కింద స్ప్రింగుకు 3.2 మిగులుంది. పైన 1.6 ఉంది. 45 డిగ్రీల దగ్గర 1 కూడా లేదు. సరళరేఖ మీదికి వంపు ఉబ్బుకొచ్చేది అక్కడే. కాలం గడిచి స్ప్రింగు బలం 15 శాతం తగ్గిందంటే, కింద ఇంకా 1.5 మిగులుంటుంది. సీటు ఉత్సాహంగానే లేవడం మొదలుపెడుతుంది. 40 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి మిగులు సున్నా దాటి అప్పులోకి దిగుతుంది. చటుక్కున లేచినవాళ్ల వెనక సీటు ఆ ఊపుతో గండం దాటేస్తుంది. మెల్లగా, సీటును ఆనుకుంటూ లేచినవాళ్ల వెనక ఊపు ఉండదు కనుక నడుమే ఆగుతుంది. ఒకే సీటు ఒకరికి పనిచేసి ఇంకొకరికి మొరాయించడంలో వింతేమీ లేదు.

అలాంటప్పుడు మొదటే గట్టి స్ప్రింగు వేస్తే సరిపోదా? వేయొచ్చు. కానీ ఆ మిగులు శక్తి అంతా ఎక్కడో ఒకచోట బయటపడాలి. పై లెక్కలోనే, రాపిడి వదిలేస్తే, సీటు చివరికి చేరేసరికి 2 జౌళ్ల శక్తి మిగిలి ఉంటుంది. అదే మనకు వినిపించే ‘ఠప్’ శబ్దం. విశ్రాంతి సమయంలో వందల సీట్లు ఒకేసారి లేస్తే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో చిక్కు సంచీలది. కిలో బరువున్న సంచీని సీటు నడుమ పెడితే అది తెచ్చే టార్క్ సుమారు 2. స్ప్రింగు మిగులు 3.2. సంచీ సీటు సందులోకి మడిచిపోతుంది. అదే సంచీని 40 సెంటీమీటర్ల దూరంలో, ముందు అంచు మీద పెడితే 3.9 అవుతుంది, సీటు కదలదు. స్ప్రింగును ఇంకా బిగిస్తే అంచు మీది సంచీకీ దిక్కుండదు.

శబ్దానికి మందు రబ్బరు దిమ్మ, లేదంటే డాంపర్. డాంపర్‌లో చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది. అది వేగాన్ని బట్టి అడ్డుకుంటుంది. దూసుకొస్తున్న సీటును పట్టి ఆపుతుంది, నిదానంగా కదిలేదాన్ని దాదాపు వదిలేస్తుంది. కీలులో రాపిడి అలా కాదు. సీటు ఎంత మెల్లగా కదిలినా తన వాటా తాను తీసుకుంటుంది. మధ్యలో మనకున్న మిగులే 1 లోపు. తుప్పు, దుమ్ము, ఎండిపోయిన గ్రీజు కలిసి దాన్ని మింగేయడానికి ఎంతోసేపు పట్టదు.

కీలు కడ్డీ చుట్టూ ఉండే ఆ స్ప్రింగులో ఒక తమాషా ఉంది. చుట్టను మెలితిప్పుతుంటే లోపలి తీగ నిజానికి వంగుతుంది. సాగదీసే చుట్ట స్ప్రింగులోనేమో తీగ మెలితిరుగుతుంది. పైకి కనిపించేదానికి సరిగ్గా తలకిందులు. బిగించినకొద్దీ చుట్ట వ్యాసం తగ్గుతుంది కనుక కడ్డీకీ చుట్టకూ మధ్య ఖాళీ వదలాలి, లేకపోతే కరుచుకుంటుంది. తీగ మందం విషయంలోనూ జాగ్రత్త కావాలి. బిరుసుదనం మందానికి నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుంది. ‘కొంచెం లావు’ అని 10 శాతం మందం ఎక్కువున్న తీగ వేస్తే స్ప్రింగు 46 శాతం బిరుసెక్కుతుంది.

సాగే స్ప్రింగును వాడేవాళ్లకు ఒక సౌలభ్యం ఉంది. దాన్ని చిన్న మీట కొసకు తగిలిస్తే, సీటు తిరిగేకొద్దీ అది లాగే కోణం మారుతుంది, టార్క్ కూడా సరళరేఖను వదిలి వంపు తిరుగుతుంది. 1930లలో ఇంగ్లండ్ ఇంజనీరు జార్జ్ కార్వర్డైన్ ‘యాంగిల్‌పాయిజ్’ బల్లదీపాన్ని ఏ కోణంలో వదిలినా నిలిచేలా చేసింది ఇలాంటి ఏర్పాటుతోనే. దీపం ఎక్కడ వదిలితే అక్కడ ఆగాలి, సీటు ఎక్కడా ఆగకూడదు, అంతే తేడా. సాగే స్ప్రింగు బలహీనత దాని కొక్కెం. తీగ వంపు తిరిగిన ఆ మూలలోనే ఒత్తిడి పోగై, వేల సార్లు సాగాక విరుగుతుంది. ఒక్కసారికి ఏమీ కాని బరువు పదేపదే పడితే లోహం విరుగుతుందని 19వ శతాబ్దంలో జర్మనీ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసుల మీద ప్రయోగాలు చేసి చూపించాడు.

అసలు స్ప్రింగే లేకుండా, కీలు వెనక ఎదురు బరువు పెట్టే పద్ధతీ ఉంది. బరువు, ఎదురు బరువు రెండూ కొసైన్‌నే అనుసరిస్తాయి కాబట్టి నడుమ గండమే రాదు. లోహం అలిసిపోయే బెడదా లేదు. నాకైతే ఇదే ముచ్చటైన పరిష్కారమనిపిస్తుంది, ఖర్చు చూసేదాకా. కీలుకు 8 సెంటీమీటర్ల వెనక పెడితే మన సీటుకు 10 కిలోలకు పైగా ఇనుము కావాలి. వెయ్యి సీట్లకు 10 టన్నులు.

ఇంత తంటా ఎందుకంటే దారి కోసం. అంతర్జాతీయ భవన నియమావళి ప్రకారం వరుసల మధ్య కనీసం 12 అంగుళాల నడక సందు ఉండాలి. వాటంతటవే లేచే సీట్లయితే దాన్ని సీట్లు లేచి ఉన్నప్పుడు కొలుస్తారు, లేకపోతే వాలి ఉన్నప్పుడు. అంటే అదే హాలులో మరికొన్ని వరుసలు పట్టడం స్ప్రింగు పుణ్యమే. అగ్నిప్రమాదం వేళ సగంలో ఆగిన ఒక్క సీటు ఆ వరుస మొత్తానికి అడ్డుపడుతుంది.

అలాంటిది కనబడితే చేత్తో కాస్త పైకి నెట్టి వదలండి. గండం దాటి తనంతట తానే చివరికి వెళ్లిపోతే, కిందికి నొక్కి మెల్లగా పైకి రానిచ్చినప్పుడు మళ్లీ అదే చోటికి వచ్చి ఆగితే, స్ప్రింగు నీరసించింది. ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతే మాత్రం ముందు కీలు శుభ్రం చేసి గ్రీజు పెట్టి చూడాలి.