మందులకు లొంగని బ్యాక్టీరియా ఇంటికొస్తే

ఆసుపత్రి నుంచి మనిషిని ఇంటికి పంపేటప్పుడు కాగితాల్లో ఎంఆర్‌ఎస్‌ఏ అనో ఈఎస్‌బీఎల్ అనో (రెండూ మందులకు లొంగని బ్యాక్టీరియా రకాలే) కనిపిస్తే చాలు, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. కంచం వేరు, గది వేరు, పిల్లలు దగ్గరికి వెళ్లకూడదు. చాలా ఇళ్లలో ఇంత అవసరం ఉండదు, పాపం ఆ మనిషి మాత్రం ఒంటరైపోతారు.

ఆ బ్యాక్టీరియా ఒంట్లో ఉండటం వేరు, దానివల్ల జబ్బు రావడం వేరు. మెథిసిలిన్ అనే యాంటీబయాటిక్ 1959లో వాడకంలోకి వస్తే, దానికి లొంగని స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా రకం 1961కే బ్రిటన్‌లో బయటపడింది, అదే ఎంఆర్‌ఎస్‌ఏ. అది ముక్కులో, చర్మం మీద నెలల తరబడి ఏ హానీ చెయ్యకుండా ఉండగలదు. ఈఎస్‌బీఎల్ రకాలు, అంటే కొన్ని యాంటీబయాటిక్‌లను పనిచెయ్యనివ్వని ఎంజైమ్‌లు తయారుచేసే బ్యాక్టీరియా, పేగుల్లో అలాగే ఉంటాయి. పుండులోకో మూత్రాశయంలోకో రక్తంలోకో చేరితేనే ప్రమాదం, అక్కడిదాకా వాటిని మోసుకెళ్లేవి ఎక్కువగా సేవ చేసేవాళ్ల చేతులే.

గ్లోవ్స్ ఉన్నాయి కదా అనే ధీమా నాకు అన్నిటికంటే భయం. డయాపర్ మార్చిన గ్లోవ్స్‌తోనే పుండుకు కట్టు కడితే, వేసుకుని ఏం లాభం? ఒక పని అయ్యాక తీసెయ్యాలి, తీశాక చేతులు శుభ్రం చేసుకోవాలి. శానిటైజర్ అయితే 20-30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40-60 సెకన్లు. రోగికి క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా వల్ల విరేచనాలు అవుతుంటే శానిటైజర్‌ను నమ్ముకోవద్దు, దాని స్పోర్లు (గట్టి పెంకుతో ఉండే బీజాల్లాంటివి) ఆల్కహాల్‌కు చావవు, సబ్బుతో రుద్ది కడుక్కోవాల్సిందే.

యూరిన్ క్యాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) ఉంటే ఇంకా జాగ్రత్త. సంచి ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, లేకపోతే మూత్రం వెనక్కి పోతుంది, అలాగని నేలకు తగలకూడదు. గొట్టం మడత పడకూడదు, ఊరికే ఊడదీసి తగిలించకూడదు. చాలా రోజులుగా క్యాథెటర్ ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. జ్వరం, పొత్తికడుపులో నొప్పి, కొత్తగా తికమక లాంటివేమీ లేకుండా, కేవలం కల్చర్ రిపోర్ట్ (మూత్రంలో బ్యాక్టీరియా ఉందో లేదో చెప్పే పరీక్ష) చూసి యాంటీబయాటిక్ వాడితే మామూలుగా ఒరిగేదేమీ లేదు, పైగా లొంగే బ్యాక్టీరియా చచ్చి లొంగనివి మిగులుతాయి. అసలు ఆ గొట్టం ఇంకా అవసరమా అని డాక్టర్‌ని అడగండి, తీసెయ్యగలిగితే అంతకన్నా మంచి జాగ్రత్త లేదు.

ఇంటికొచ్చే నర్సు రోజూ ఎంతోమంది దగ్గరికి వెళ్తారు కాబట్టి ఆవిడ బీపీ పట్టీ, స్టెతస్కోప్ కూడా తుడవాలి. చేతులు కడుక్కున్నారా అని అడగడానికి మొహమాటపడకండి, మంచి నర్సు ఏమీ అనుకోరు. గిన్నెలు మామూలుగా తోమితే చాలు. టవల్, రేజర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.