పులికాట్ ముఖద్వారాల కథ: పూడింది ఇసుక, పోయింది చేప

పులికాట్ సరస్సు సముద్రంతో కలిసే ముఖద్వారాల్లో పూడిక తీయించండని ఆంధ్ర వైపు మత్స్యకారులు ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. 2023లో రాయదొరువు ముఖద్వారం దగ్గర ఆ పనికి రూ.94 కోట్ల అంచనా కూడా వేశారు. ఇసుక పూడితే చేపలు ఎందుకు తగ్గుతాయి? ఆ లెక్క ఉప్పు దగ్గర మొదలవుతుంది.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. పులికాట్‌లో మాత్రం ఏ నెల లెక్క ఆ నెలదే. ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి, కాళంగి, అరణి నదుల నీళ్లొచ్చి సరస్సు చప్పబడుతుంది. వేసవిలో లోతు లేని ఆ నీళ్లు ఎండకు ఇగిరి సముద్రాన్ని మించి ఉప్పెక్కుతాయి. ముఖద్వారం తెరిచి ఉంటే సముద్రపు నీళ్లు వచ్చిపోతూ ఈ తేడాను తగ్గిస్తాయి, పూడితే తేడా ముదురుతుంది. ఇక్కడి జీవాలు కొంతవరకు దీనికి అలవాటుపడ్డవే. ఒంట్లో ఉప్పు సరిచేసుకోవడానికి అవి శక్తి ఖర్చు పెడతాయి. ఉప్పు మరీ ఎక్కువైనా, మరీ తగ్గినా ఆ ఖర్చు ఎదుగుదలకు కోత పెడుతుంది. చేపైతే ఈదుకుంటూ ఇంకోచోటికి పోతుంది. ఆల్చిప్పకు ఆ వీలు లేదు. చిప్పలు బిగించుకుని కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, అన్నాళ్లూ పస్తే.

అంతకన్నా పెద్ద దెబ్బ రాకపోకల మీద. టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. గోరంత పిల్లలుగా పోటుతో పాటు లోపలికొచ్చి సరస్సులో పెరుగుతాయి. గుడ్లు మోసే ఆడ మండపీతది ఎదురు దారి, అది సముద్రానికి పోవాలి. ముఖద్వారం పూడితే ఈ రెండు దారులూ మూసుకుపోయినట్టే.

ఇసుకను అలలే తెచ్చిపోస్తాయి, దాన్ని తోసేయాల్సింది నదుల వరద, పోటుపాట్లు. వరద తగ్గితే ఆ తోపు ఉండదు. పైగా సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా వేసిన రోడ్డు ఉత్తర భాగానికి నీటి పారుదలను తగ్గించింది.

ఒడిశాలోని చిలికాది దీనికి తలకిందులు. అక్కడ దారి పూడి ఉప్పు తగ్గింది, మంచినీటి కలుపు కమ్మేసింది. 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తవ్వారు. 1999-2000లో సుమారు 1,750 టన్నులున్న చేపల దిగుబడి 2001-02కు దాదాపు 12 వేల టన్నులైంది. ఈ అంకె చూస్తే ఇక్కడా అంతే అనిపిస్తుంది. కానీ చిలికాకు మహానది పాయల నీళ్లున్నాయి. పులికాట్‌కు వచ్చేవి వానాకాలపు చిన్న నదులు. గండి కొట్టడంతో పాటు కాళంగి, స్వర్ణముఖి నీళ్లు సరస్సు దాకా చేరేలా చూడకపోతే, తీసిన చోటే మళ్లీ పూడుతుంది.